‘య’ మీట

సాలూరు లారీ ఆఫీసు నుంచి మనిషొచ్చి
డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటర్ని ఎత్తుకెళ్లాడు,
పొదుగుతున్న కోడిని లేపినట్టు, రెండు చేతులా.
“మూడు కార్బన్లూ అచ్చుపడాల గురూ,
కొత్తవాటికి గుద్దే దమ్ము నేదు” అన్నాడు.
నిజమే. పద్దెనిమిదేళ్లు అది గుద్దిన గుద్దులకి
గోడవతల టైలరు గౌరీశుకి
తన మిషను చప్పుడు తనకి వినబడేది కాదు.

మానిటరు వెనక బుర్ర ఉంది చూశారూ, గుమ్మడికాయంత.
గుమ్మడికాయే నయం, దప్పళంలోకైనా వస్తుంది.
ఊరికే ఇస్తానన్నా పట్టుకెళ్లే నాథుడు లేడు.
చివరికి పాతసామాన్ల తవిటయ్య కాటాకి తగిలించి
“అద్దానికి ధర నేదు బావూ, నోపల రాగికే” అన్నాడు.
నూట పది రూపాయలు.
అప్పట్లో ఇరవై ఆరు వేలు,
మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టి.
ఆ లెక్క తవిటయ్యకి చెప్పలేదు.

సీపీయూ విప్పితే లోపల
బల్లిగుడ్లు రెండు,
ఏ దసరాకో పూసిన పసుపు,
హుద్‌హుద్‌లో తడిసిన తుప్పు.
శుభ్రంగా తుడిచి గంట్యాడ హైస్కూలు మేష్టారికిచ్చాను.
“పిల్లలకి విప్పి చూపించడానికండి,
పని చెయ్యకపోయినా పర్లేదు” అన్నారాయన.
పనిచేస్తుందండీ, అన్నాను,
కాస్త కోపంగానే.

యూపీయస్ గురించి చెప్పను.
అది కరెంటు ఉన్నప్పుడు కూడా ఏడ్చేది.

ఇప్పుడు నా కొట్టు గుడ్డసంచీలో పడుతుంది.
ఒక ఫోను. మడతపెట్టే కీబోర్డు.
గొడుగు. రెండు అరటిపళ్లు.
సోమవారం కలెక్టరేటు సైకిల్ స్టాండు, రేకు నీడన.
మంగళవారం నెల్లిమర్ల, మిల్లు గేటుకెదురు టీ బడ్డీ.
తక్కిన రోజులు ఏ సంతైతే ఆ సంత.
అద్దె లేదు,
షట్టరు ఎత్తేటప్పుడు పట్టేసే నడుమూ లేదు.
మోకాలే బల్ల.

ఇదివరకు జనం
చెప్పులు గుమ్మం బయట విడిచి
నా తెరకి దండం పెట్టినంత పని చేసేవారు.
ఇప్పుడు పక్కన గట్టుమీద కూర్చుంటే
ఫోన్లోకి తొంగిచూసి తగువు పెడుతున్నారు:
“అలాగ గాదు బావూ, నానేటన్నాను?
పింఛను ఆపేసినారని రాయి.
ఆగిపోనాదంటావేటి,
అదేటి గోడ గడియారమా?”
దిద్దాను.
ఆ కొట్లో ఇన్నేళ్లూ నన్నెవరూ ఇలా దిద్దలేదు.

అన్నీ పోయాయి, పాత కీబోర్డు తప్ప.
అదెవరూ అడగలేదు.
మీటల మీద నేనంటించిన అక్షరాల్లో
‘ఠ’, ‘ఝ’ కట్టని పంచెల్లా కొత్తగానే ఉన్నాయి.
‘క’ సగం మిగిలింది.
‘య’ మాత్రం బోడి. నున్నగా, నడుమ చిన్న గుంట.
“అయ్యా” అని మొదలవని అర్జీ
ఈ జిల్లాలో నేనొక్కటీ కొట్టలేదు.
మిల్లు మూసినా అయ్యా,
సర్వే రాయి రాత్రికి రాత్రి జరిగినా అయ్యా,
మనిషి పోయాడన్న కాగితం రాకపోయినా అయ్యా.

ఆ ఒక్క మీటా ఊడదీసి చిల్లరలో వేసుకున్నాను.
ఓసారి టీ బడ్డీలో రూపాయనుకుని ఇచ్చేస్తే
“ఇది సెల్లదు మేష్టారూ” అని తిరిగిచ్చాడు.

మొన్న సంతలో కొండగొర్రి సుకురమ్మ,
చింతపండు గంప పక్కన పెట్టి,
పోడు పట్టా కోసం.
కొత్త ఫోను కదా, మూడు వారాలైనా నిండలేదు,
దీనికింకా ఏం తెలుసులే అనుకున్నాను.
‘అ’ నొక్కానో లేదో
పైన బూడిదరంగులో తనే రాసి చూపించింది.

వేలు ఆగిపోయింది.
“ఏటి రాసినాది బావూ అది?”
అయ్యా, అని.

సుకురమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది.
“దీనికీ అప్పుడే
నేర్పించేసినావేటి?”